మూగవోవు మంద్రము: బాసు ఆంప్లిఫయరు, దాని వారంటీ

పెండ్లిపందిరిలోనో, దేవీనవరాత్రుల మండపములోనో పాటకచ్చేరి జరుగుచుండగా శ్రోతలు గాయకుని మెచ్చుకొందురు. వయొలిను మీద తీయని పలుకు పలికినచో తల యూపుదురు. డోలకు జోరందుకొన్నచో పిల్లలు గంతులు వేయుదురు. బాసు గిటారు వాయించు యువకుని వంక మాత్రము ఎవరును చూడరు. అతడు వెనుక వరుసలో, డ్రమ్ముల ప్రక్కన, నాలుగు లావుపాటి తీగలు గల వాద్యమును తగిలించుకొని నిలిచియుండును. కాని పాట నడుమ ఆ వాద్యము ఒక్కసారిగా ఆగిపోయినచో పందిరిలోని ప్రతివారికిని ఏదో వెలితి తెలియును. ఏమి తగ్గినదో చెప్పలేరు. పాట క్రింద నేల జారినట్లుండును.

మా బృందమునకు ఈ అనుభవము 2022వ సంవత్సరమున మూడు పర్యాయములు కలిగినది. మూడుసార్లును తప్పు వాద్యముది కాదు, వాద్యకారునిదియు కాదు. ఆ వాద్యపు ధ్వనిని పెంచి వినిపించు ఆంప్లిఫయరుది. అది పూర్తిగా చెడిపోయిన యంత్రమైనచో ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే లేదు. చెడిన యంత్రమును బాగుచేయించుట అంత కష్టము కాదు. ఒకసారి పలికి, ఒకసారి మూగవోయి, మరమ్మతు చేయువాని బల్లమీద మాత్రము చక్కగా పలుకు యంత్రముతోనే చిక్కు. వైద్యుని ముందు కూర్చున్న క్షణముననే జ్వరము దిగిపోవు రోగివంటి దిది. వారంటీ కాగితము చేతిలో నుండియు మేము నాలుగు నెలలు తిరిగితిమి. ఎట్లు తిరిగితిమో, చివరకు పని యెట్లు జరిగినదో చెప్పుటకు ముందు ఆ యంత్రము చేయు పనినిగూర్చి కొంత చెప్పవలసియున్నది.

నాలుగు తీగల బాసు గిటారులో అన్నిటికంటె లావుతీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. ఐదవ తీగ కూడ నున్నచో అది 31 సార్లే. మామూలు గిటారులోని లావుతీగ 82 సార్లు కంపించును. అనగా బాసు దానికి సరిగా ఒక స్థాయి క్రింద పలుకును. మన చెవికి ఈ క్రింది ధ్వనులు మందముగా తెలియును. నడిమిస్థాయి స్వరము వినబడినంత గట్టిగా మంద్రస్వరమును వినబడవలెనన్నచో దానికి అనేక రెట్లు శక్తి కావలెను. స్పీకరులోని కాగితపు శంకువు అంత ఎక్కువ గాలిని ముందువెనుకలకు నెట్టవలసియుండును. అందుచేతనే గిటారు వాయించువాడు 30, 40 వాట్ల పెట్టెతో సరిపెట్టుకొను కచ్చేరిలో బాసు వాయించువానికి 200, 300 వాట్లు కావలసివచ్చును.

ఇచ్చట రేడియో శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. అరచేతిలో ఇమిడెడు రేడియోలోని రెండు మూడంగుళముల స్పీకరు 41 కంపనముల స్వరమును పలుకనే పలుకలేదు గదా, మరి ఇళయరాజా కూర్చిన పాటలలోని బాసు మన కెట్లు వినబడుచున్నది? తీగనుండి పుట్టు ప్రతి స్వరముతోను దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల ఉపస్వరములును పుట్టుచుండును. చిన్న స్పీకరు ఆ పైవానిని పలుకును. వానినిబట్టి మన మెదడు, లేని మూలస్వరమును ఊహించి నింపుకొనును. చిన్న రేడియోలో మనము వినెడి మంద్రము సగము మన తలలోనే పుట్టుచున్నదన్నమాట. వంటయింటిలో ఈ యుపాయము చాలును. ఐదువందలమంది కూర్చున్న పందిరిలో చాలదు. అచ్చట నిజముగా గాలి కదలవలెను.

అమెరికాలో లియో ఫెండరు 1951లో ప్రెసిషన్ బాసు అను వాద్యమును విపణిలోనికి తెచ్చినప్పుడే ఈ యిబ్బంది తెలిసివచ్చినది. దానికొరకు మరుసటి యేడు బాస్‌మాన్ అను ప్రత్యేకమైన ఆంప్లిఫయరును ఆయన సంస్థయే చేసినది. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల యస్.వి.టి.ని తెచ్చినది. అది వాల్వులతో పనిచేయునది. ఇద్దరు మోయవలసినంత బరువు. నేడు మా కుర్రవాడు ఒంటిచేత్తో ఎత్తుకొనిపోవు పెట్టెలో అంతకు తక్కువకాని శక్తి యున్నది. ఇందలి కిటుకు క్లాస్-డి అను పద్ధతి. పాతపద్ధతిలో ట్రాన్సిస్టర్లు సగము తెరచిన కుళాయివలె పనిచేయును. ఆ సగములో చాల శక్తి వేడిమిగా పోవును. ఈ పద్ధతిలో అవి పూర్తిగా తెరచుకొనుట, పూర్తిగా మూసికొనుట మాత్రమే చేయుచు, సెకనుకు లక్షలసార్లు మారుచుండును. చివర ఒక తీగచుట్టయు, కెపాసిటరును ఆ మార్పులను వడగట్టి స్వరమును స్పీకరునకు పంపును. వేడిమి తక్కువ, బరువు తక్కువ, వెలయు తక్కువ. తక్కువ కానిది ఒకటే: మరమ్మతు కష్టము. నువ్వుగింజలంత భాగములు ఒకే బోర్డుపై క్రిక్కిరిసియుండును. చెడిన భాగమును వెదకి మార్చుటకంటె బోర్డునే మార్చుట నేడు పరిపాటి యైనది. ఈ సంగతి తరువాత అక్కరకు వచ్చును.

మా కథకు వత్తుము. 2022 జూలైలో మా బాసు వాయించు కుర్రవాడు విజయవాడలోని యొక దుకాణములో ఇట్టి పెట్టెను కొనెను. ఆంప్లిఫయరును, స్పీకరును ఒకే పెట్టెలో నుండునది. వెల 38,000 రూపాయలు. పండ్రెండు నెలల వాయిదాలు. దుకాణదారు "ఏడాది గ్యారంటీ అండి, ఏమైనా వస్తే మాదే పూచీ" అనెను. కాగితముమీద నున్నది గ్యారంటీ కాదు, వారంటీ. మనము ఈ రెండు మాటలను ఒకటిగనే వాడుదుము గాని, దుకాణదారు నోటిమాట వేరు, తయారుచేసినవారు అచ్చువేసిన షరతులు వేరు. ఆ కాగితమును మేము చదివినది మూడు నెలల తరువాత. అందులో నున్నది క్లుప్తముగా ఇది: తయారీలో కలిగిన దోషమైనచో ఏడాదిలోపల ఉచితముగా బాగుచేయుదుము, పెట్టెను సర్వీసు కేంద్రమునకు చేర్చు ఖర్చు కొన్నవారిదే, సీలు తీసినను, నీటివలన, హెచ్చు ఓల్టేజివలన, తప్పు స్పీకరు తగిలించుటవలన చెడినను వారంటీ వర్తింపదు. సర్వీసు కేంద్రము విజయవాడలో లేదు, హైదరాబాదులో నున్నది.

మొదటిసారి అది ఆగినది దసరా నవరాత్రులలో. కచ్చేరి మొదలై ముప్పావుగంట గడచినది. దీపము వెలుగుచునే యున్నది, ఫ్యాను తిరుగుచునే యున్నది, ధ్వని లేదు. పది నిమిషములు ఆపి, మరల వేసినచో పలికినది. ఆ రాత్రి కరెంటు జనరేటరుది గనుక నేరమంతయు జనరేటరుపై మోపితిమి. అది పూర్తిగా అన్యాయము కాదు. పందిళ్లలోని మూడు ఫేజుల జనరేటరులో న్యూట్రల్ తీగ వదులైనచో 230 ఓల్టులు రావలసినచోట 400కు చేరువగా రావచ్చును. ఒక్క క్షణములో అన్నియు బూడిద యగును. అందుకే నేడు మేము పెట్టె తగిలించుటకు ముందు మీటరుతో ఓల్టేజి చూచుకొనుచున్నాము. కాని ఆనాటి నేరము జనరేటరుది కాదు.

రెండవసారి కార్తిక వనభోజనములలో. ఈసారి ఊరి కరెంటే. మరల అదే వరుస: ముప్పావుగంట పాట, ఆపై మౌనము. మరునాడే పెట్టెను పార్సెలులో హైదరాబాదునకు పంపితిమి. దానితోడి చీటీలో మేము వ్రాసినది మూడే మాటలు: "సరిగా పనిచేయుట లేదు." పదునాలుగు దినముల తరువాత పెట్టె తిరిగివచ్చినది. దానితో వచ్చిన కాగితముపై "పరీక్షించితిమి, దోషము కనబడలేదు" అని యున్నది. ఫోను చేసితిమి. "మీ పెట్టె బాగానే ఉందండి, అరగంట వాయించి చూశాం" అని జవాబు. మాకు కోపము వచ్చినది. వారు అబద్ధమాడుచున్నారని యనుకొంటిమి. తరువాత ఆలోచించి చూడగా వారు చెప్పినది అక్షరాల నిజము. అరగంట వాయించిరి, అది ముప్పావుగంటకు గాని ఆగదు. ఆ సంగతి మేము చెప్పలేదు.

మూడవసారి డిసెంబరు మొదటివారములో, ఒక పెండ్లిలో. తలంబ్రాల వేళ. ఆ దినము మా కీబోర్డు మాస్టారు చేసిన యొక పని మా పరువును కాపాడినది, తరువాతి దర్యాప్తునకును దారిచూపినది. ఇట్టి పెట్టెల వెనుక లైన్‌అవుట్ అను రంధ్ర మొకటి యుండును. వాద్యపు స్వరము పెట్టెలోని తొలి భాగమును దాటిన తరువాత, శక్తిని పెంచు భాగమునకు పోకమునుపే, అచ్చటినుండి బయటకు తీసికొనవచ్చును. ఆయన ఆ రంధ్రమునుండి ఒక తీగను లాగి మిక్సరులో గ్రుచ్చిరి. వెంటనే పందిరి పెద్ద స్పీకర్లలో బాసు పలికినది! కచ్చేరి సాగినది. పెండ్లివారు గమనించిరో లేదో గాని ఇచ్చెదమన్నదానిలో రెండు వేలు తగ్గించి యిచ్చిరి. కారణము మేము అడుగలేదు.

ఆ రాత్రి కుర్రవాడు ముభావముగా నుండెను. పలుకని పెట్టెకు నెలనెలయు వాయిదా కట్టుచున్నాడు. "నేను మానేస్తాను మాస్టారూ, మా బావ సెల్‌ఫోన్ల షాపులో కూర్చోమంటున్నాడు" అనెను. అతని వలె వాయించువాడు మా పట్టణములో మరియొకడు లేడు.

మా వీధి చివర ఒక రేడియో మేస్త్రీగారున్నారు. వాల్వు రేడియోల కాలమునుండి నలువది యేండ్లకు పైగా ఇదే పనిలో నున్నవారు. పెట్టెను ఆయన యొద్దకు మోసికొనిపోయి విప్పి చూడుమని కోరితిమి. ఆయన వెనుకనున్న సీలును వ్రేలితో తడిమి చూచి, విప్పనన్నారు. "సీలు తీస్తే వాళ్ల చేతికి సాకు ఇచ్చినట్టే బాబూ. ఏడాది అయ్యాక తీసుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు. సీలు మాట యటుండ, విప్పుట అపాయకరము కూడ. 230 ఓల్టుల కరెంటును ఈ పెట్టెలు లోపల సుమారు 325 ఓల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి కెపాసిటర్లలో నిలువయుంచును. ప్లగ్గు తీసిన తరువాతను అది కొంతసేపు అందులో నుండవచ్చును. చేయి తగిలినచో ప్రాణాపాయము.

విప్పలేదు గాని ఆయన మాకు నేర్పినది విప్పుటకంటె విలువైనది. పాతరేడియోలలోను ఇట్టి రోగములుండెడివట. చల్లగా నున్నంతసేపు పలుకుట, కాగిన తరువాత మూగవోవుట. దుకాణమునకు తెచ్చునప్పటికి చల్లబడి మరల పలుకుట. అట్టి రేడియో తెచ్చినవారిని ఆయన మొదట అడుగు ప్రశ్న "ఎన్ని నిమిషాలకు ఆగింది?" అనునదియట. ఆ ప్రశ్నకు జవాబు తెచ్చినవారి రేడియో ఆనాడే బాగుపడెడిది. తెలియదన్నవారిది నెల పట్టెడిది. "గడియారం పెట్టుకుని ఒక పుస్తకంలో రాయండి" అని మమ్ము పంపివేసినారు.

ధనుర్మాసము ప్రవేశించినది, పెండ్లిండ్లు లేవు. మాకు తీరిక దొరికినది. రెండు రూపములుగా పని చేసితిమి: మొదట నేరము పెట్టెదేనా యని తేల్చుకొనుట, తరువాత అది యెప్పుడు జరుగుచున్నదో కనుగొనుట.

మొదటిది అవసరము, ఏలయన బాసు ధ్వని ఆగిపోవుటకు కారణములు పెట్టెకు వెలుపలనే చాల నున్నవి. కొన్ని బాసు గిటారులలో 9 ఓల్టుల బ్యాటరీ యుండును. వాయించుట ముగిసినను తీగను గిటారులోనే గ్రుచ్చియుంచినచో అది రాత్రింబవళ్లు ఖర్చగుచు, కచ్చేరి నడుమ చచ్చును. తీగల కొసలలోని అతుకులు ఊడును. గిటారు తీగనే స్పీకరునకు వాడువారున్నారు; సన్నని ఆ తీగ అంత విద్యుత్తును మోయలేక వేడెక్కును. కొందరు 4 ఓముల కంటె తగ్గరాదని వ్రాసియున్న పెట్టెకు 8 ఓముల స్పీకర్లు మూడు తగిలింతురు; అప్పుడు భారము 2.67 ఓములగును, పెట్టె తన్ను తాను కాపాడుకొనుటకు నోరు మూసికొనును. ఇంకొక చమత్కారమైన కారణ మున్నది. అనేక పెట్టెల వెనుక ఎఫెక్టుల పరికరములు తగిలించుటకు పంపునది, తిరిగి తెచ్చునది అని రెండు రంధ్రము లుండును. ఏమియు గ్రుచ్చనప్పుడు స్వరము ఆ రంధ్రములోని చిన్న రేకు ద్వారా లోలోపలనే పోవుచుండును. సంవత్సరముల తరబడి వాడనిచో ఆ రేకు మసకబారి, స్వరము వచ్చుచు పోవుచు నుండును. ఒక చిన్న తీగతో ఆ రెండు రంధ్రములను కలిపి చూచినచో తెలియును. అట్లు కలుపగా ధ్వని వచ్చినయెడల మరమ్మతే అక్కరలేదు. ఆ తీగయే మందు. మేము ఇవన్నియు చూచితిమి. వేరొక గిటారు, వేరొక తీగ, ఆ రంధ్రముల కలయిక, వేరొక స్పీకరు. ఏది మార్చినను ఆగుట మానలేదు. ఆగినప్పుడు లైన్‌అవుట్‌లో మాత్రము స్వరము వచ్చుచునే యున్నది. అనగా తొలిభాగము క్షేమము, స్పీకరు క్షేమము, దోషము నడుమ నున్న శక్తిభాగములో.

ఒక హెచ్చరిక. గిర్రుమను శబ్దమును తగ్గించుటకు కొందరు ప్లగ్గునకు గల ఎర్తు పిన్నును విరిచివేయుదురు. వలదు. తీగలపై చేయి, మైకుకు తాకు పెదవి, ఈ రెంటి నడుమ విద్యుత్తు ప్రవహించుటకు ఒక్క దోషము చాలును. శబ్దము పోగొట్టుటకు వేరే మార్గములున్నవి.

రెండవ పనికి గడియారము, పుస్తకము, సెల్‌ఫోను చాలినవి. మూసిన గదిలో, ఫ్యాను లేకుండ, కచ్చేరిలో వాయించునంత గట్టిగా వాయించి చూచితిమి. ఇరుగుపొరుగువారు సహించినందుకు ఇక్కడ కృతజ్ఞత చెప్పుకొనవలెను. మొదటి దినము 52 నిమిషములకు ఆగినది. రెండవ దినము 47. మూడవ దినము 55. నాలుగవ దినము పెట్టె వెనుక బల్లఫ్యాను నుంచి వాయించితిమి: గంటన్నర యైనను ఆగలేదు! మూగవోయినప్పుడు పెట్టె పైభాగమును పిడికిలితో మెల్లగా తట్టినచో ఒక్క క్షణము పలికి మరల ఆగుచున్నది. ఇది ఏదో యొక అతుకు వేడికి విడిపోవుచున్నదని చెప్పక చెప్పుట. గోడగడియారమును పెట్టెను ఒకే చట్రములో కనబడునట్లు సెల్‌ఫోనులో చిత్రము తీసితిమి.

అప్పుడు సర్వీసు కేంద్రమునకు ఈ ఉత్తరము వ్రాసితిమి:

"మీరు నవంబరులో పరీక్షించి తిరిగి పంపిన పెట్టె ఇదే. బిల్లు నకలు, సీరియల్ సంఖ్య ఛాయాచిత్రము, మీ నవంబరు కాగితపు నకలు జతపరచితిమి. దోషము: బిగ్గరగా వాయించుచుండగా 47 మొదలు 55 నిమిషములలోపల ధ్వని పూర్తిగా ఆగును. దీపము వెలుగుచునే యుండును, ఫ్యాను తిరుగును, లైన్‌అవుట్ పనిచేయును. వేరొక స్పీకరు తగిలించినను ధ్వని రాదు. పది నిమిషములు చల్లార్చినచో తిరిగి పలుకును. వెనుక ఫ్యాను పెట్టినచో 90 నిమిషములైనను ఆగదు. పై భాగమును తట్టినచో క్షణకాలము పలుకును. పరీక్షలలో ఓల్టేజి 228. కావున ఏ.సి. లేని గదిలో కనీసము ఒక గంట పూర్తి భారముతో పరీక్షింప కోరుచున్నాము. ఈ పెట్టె వారంటీ కాలములో మీయొద్ద గడపు దినములకు తగినట్లు గడువును పొడిగించి వ్రాతమూలకముగా తెలుపుడు."

ఇందులో కోపపు మాట ఒక్కటియు లేదని పాఠకులు గమనింతురు. లేకపోలేదు, మొదటి ప్రతిలో నుండినది. మా కీబోర్డు మాస్టారు కొట్టివేసిరి. పెట్టెను బాగుచేయు మనిషి మన పెండ్లిలో లేడు, మన నష్టము అతనికి తెలియదు; అతనికి కావలసినది నిమిషములు, ఓల్టులు. దోషమేమిటో మేమే నిర్ణయించి చెప్పుటయు మానుకొంటిమి. "అతుకు ఊడినది" అని వ్రాసినచో అతడు ఆ యతుకునే చూచును. మన ఊహ తప్పైనచో పెట్టె మరల తిరిగివచ్చును.

పార్సెలు చేయునప్పుడు మాకొక పశ్చాత్తాపము. కొన్ననాటి అట్టపెట్టెను, లోపలి తెల్లని దిమ్మెలను కుర్రవాని తల్లి సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుచు పారవేసినది. ఆమెది తప్పు కాదు, మేము చెప్పలేదు. దుప్పట్లు చుట్టి, చెక్కపెట్టె చేయించి పంపవలసివచ్చినది. రాకపోకల ఖర్చు, చెక్కపెట్టెతో కలిపి 2,600 రూపాయలు. వారంటీ మరమ్మతు ఉచితమను మాట విన్నప్పుడు ఈ యంకెను తలచుకొనవలెను.

తొమ్మిదవనాడు హైదరాబాదునుండి ఫోను వచ్చినది. మాట్లాడినది గుమాస్తా కాదు, పెట్టెను విప్పిన మెకానిక్కే. స్పీకరునకు బదులు పెద్ద రెసిస్టరు తగిలించి, తలుపులు మూసిన సామానుల గదిలో నుంచి నడపగా 50వ నిమిషమున ఆగినదట. స్వరమును వడగట్టు తీగచుట్ట యని పైన చెప్పితిమి గదా, ఆ బోర్డులో అన్నిటికంటె బరువైన భాగములలో అది యొకటి. దాని కాలి చుట్టును సోల్డరులో వెంట్రుకవంటి వలయాకారపు పగులు. చల్లగా నున్నప్పుడు తాకియుండును, వేడికి వ్యాకోచించి విడిపోవును. ఆంప్లిఫయరును స్పీకరును ఒకే పెట్టెలో నుండుటచేత ప్రతి మంద్రస్వరమును ఆ యతుకును కుదుపుచుండును. తన స్వరమే తన గొంతును తెంచినదన్నమాట. "ఒక చుక్క సోల్డరుతో పోయేదే అండి, కాని కంపెనీ రూలు ప్రకారం బోర్డే మార్చాలి" అని ఆయన నవ్వెను. క్రొత్త బోర్డు వచ్చుటకు మరి మూడు వారములు పట్టినది. గడువు పొడిగింపు విషయమున మొదట జవాబు లేదు. రెండవ ఉత్తరమునకు ఒక నెల పొడిగించినట్లు కాగితము వచ్చినది. కాగితములో షరతుగా లేనిది అడిగినచో దొరకునని నమ్మకము లేదు, అడుగనిచో దొరకదనుట మాత్రము నిశ్చయము.

ఈసారియు "దోషము కనబడలేదు" అని తిరిగివచ్చినచో ఏమి చేసియుందుము? దానికిని సిద్ధపడితిమి. వినియోగదారుల రక్షణ చట్టము, 2019, 2020 జూలైనుండి అమలులోనికి వచ్చినది. వస్తువులోని దోషమునకును, సేవలోని లోపమునకును దానిక్రింద ఫిర్యాదు చేయవచ్చును. మునుపు 1986 నాటి చట్టములో లేని సౌకర్య మొకటి ఇందులో నున్నది: అమ్మినవాడెచ్చటనున్నను, ఫిర్యాది తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్ ఎదుటనే దావా వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలవరకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణము పుట్టిన రెండేండ్లలోపల వేయవలెను. కమిషన్ దోషమును సరిచేయించుమని గాని, వస్తువును మార్చుమని గాని, వెల తిరిగి యిమ్మని గాని, నష్టపరిహారము చెల్లించుమని గాని ఆదేశింపవచ్చును. అంతకు ముందు మెట్టుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకొనవచ్చును.

వాద్యకారులు ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. వ్యాపార ప్రయోజనమునకు కొన్నవాడు ఈ చట్టప్రకారము వినియోగదారు కాడు. డబ్బు తీసికొని వాయించుట వ్యాపారమే కదా యని ఎదుటివారు వాదింపవచ్చును. కాని చట్టములోనే ఒక వివరణ యున్నది: స్వయం ఉపాధితో జీవనము గడపుకొనుటకు మాత్రమే కొని, తానే వాడుకొనువానికి ఆ మినహాయింపు తగులదు. మా కుర్రవాడు తన పేరున, తన సొమ్ముతో కొనెను, తానే వాయించుచున్నాడు. బిల్లు బృందము పేరున వ్రాయించుకొనియుండినచో ఈ వాదము కొంత బలహీనపడియుండెడిది. కొనుదినమున బిల్లుపై ఎవరి పేరు వ్రాయవలెనని దుకాణదారు అడుగునప్పుడు మనము తొందరలో నుందుము.

కమిషన్ ఎదుటికి పోయినను కావలసినది ఆ పుస్తకమే. బిల్లు, వారంటీ కాగితము, సర్వీసు కేంద్రమువారు పెట్టెను తీసికొన్నప్పుడు ఇచ్చిన రసీదు, తిరిగి యిచ్చినప్పటి కాగితము, తేదీలతో మన వ్రాత. నోటిమాటగా చెప్పిన ప్రతిదానిని అదే దినము ఒక ఉత్తరముగా వ్రాసి పంపినచో అదియు సాక్ష్యమగును. మొదటిసారి దుకాణదారుతో ఫోనులో మాట్లాడినదానికి మాయొద్ద ఏ ఆధారమును లేదు. ఆయన మాట్లాడలేదన్నను మేము కాదనజాలము.

2023 జనవరి చివరలో, మాఘమాసపు పెండ్లిండ్లు మొదలగుచుండగా పెట్టె తిరిగివచ్చినది. మొదటి కచ్చేరిలో కుర్రవాడు వాయించుచు వాయించుచు గడియారము చూచుకొనుచునే యుండెను; నలువదియవ నిమిషము దాటినప్పటినుండి మేమును చూచుచుంటిమి. లైన్‌అవుట్ తీగను మాత్రము ముందుగనే మిక్సరులో గ్రుచ్చియుంచితిమి. నేటికిని అట్లే చేయుచున్నాము. ఆ జూలైలో చివరి వాయిదా చెల్లినది. బావగారి సెల్‌ఫోన్ల దుకాణపు ప్రసక్తి మరల రాలేదు.

రేడియో మేస్త్రీగారికి పుస్తకమును చూపుటకు తీసికొనిపోతిమి. ఆయన కండ్లద్దములు పెట్టుకొని మొదటినుండి చివరివరకు చదివి, చివరి పుటలో కుర్రవాని వ్రాతను చూచిరి. అది 2023 ఫిబ్రవరినాటి యొక పెండ్లి. "మొదలు 8 గం. 10 ని. ముగింపు 10 గం. 25 ని. ఓల్టేజి 221. ఆగలేదు."